గంటకి 340 చాలా? ఫ్రీలాన్స్ రేటు పెంచమని అడగడం ఎలా

పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, జాబ్ మానేసి రెండేళ్లుగా ఒకే క్లయింట్‌కి కాంట్రాక్ట్‌లో వెబ్‌సైట్ పని చేస్తున్నా. గంటకి 340. పెంచమంటే ఉన్నది కూడా పోతుందేమోనని భయం. ఇంట్లో నా డబ్బే ఆధారం" అన్నాడు. ఈ ఎపిసోడ్ అతని కోసమే.

ముందు ఆ 340 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. జాబ్‌లో జీతం 60 వేలు. నెలకి 22 రోజులు, రోజుకి 8 గంటలు, అంటే 176 గంటలు. 60 వేలని 176తో భాగిస్తే దాదాపు 340. క్లయింట్ ఇదే లెక్క చెప్పాడు, మనవాడు సరే అన్నాడు. లెక్క కరెక్టే, కానీ అది ఉద్యోగి లెక్క.

కాంట్రాక్టర్‌కి ఏడాదిలో శని, ఆదివారాలు తీసేస్తే 261 రోజులు మిగులుతాయి. పండగలు, జ్వరాలు, ఊరెళ్లడాలు ఒక 25 తీసేయండి. కొత్త పని వెతకడం, బిల్లు పంపడం, "సార్ పేమెంట్ ఎప్పుడు" అని వెంటపడటం... వీటికి వారానికో రోజు పైనే పోతుంది. చివరికి డబ్బులొచ్చే రోజులు 180 అనుకుందాం. అందులోనూ బిల్లు వేయగలిగేది రోజుకి 6 గంటలే. మొత్తం 1,080 గంటలు. జీతం లెక్కన 7 లక్షల 20 వేలు కావాలి. దాని మీద హెల్త్ ఇన్సూరెన్స్, పీఎఫ్ బదులు మనం దాచుకునేది, ల్యాప్‌టాప్, నెట్ కలిపి ఇంకో లక్షన్నర. 8 లక్షల 70 వేలని 1,080తో భాగించండి. 805 రూపాయలు! అంటే తమ్ముడు సగం కన్నా తక్కువకే చేస్తున్నాడు. మీ అంకెలు వేరుగా ఉంటాయి, ఒకసారి ఫోన్‌లోనే లెక్క వేసుకోండి.

మరి రేపే వెళ్లి 805 అడగాలా? వద్దు. ఒకేసారి రెట్టింపు అంటే ఎవరైనా ఉలిక్కిపడతారు. పైగా చేతిలో ఒక్క క్లయింటే ఉన్నప్పుడు మన గొంతులో ఆ భయం వాళ్లకి వినిపిస్తుంది. ముందు చిన్నదైనా రెండో పని ఒకటి 800 రేటుకి పట్టాలి. ఇక్కడే చాలామంది ఓపిక పట్టరు.

నేను మొదటిసారి అడిగినప్పుడు రాత్రి పదకొండింటికి "సారీ సార్, రెంట్ పెరిగింది" అని మెసేజ్ పెట్టా. 20 రూపాయలు పెంచారు. మన రెంట్‌తో వాళ్లకేం పని చెప్పండి? వాళ్లకి ఏం ఒరిగిందో చెప్పాలి. కాంట్రాక్ట్ రెన్యువల్‌కి నెల ముందు, ఇలా: "సార్, ఈ ఏడాది పేమెంట్ పేజీ సమస్య తీర్చాను, రెండు రిలీజ్‌లు టైమ్‌కి ఇచ్చాను. వచ్చే నెల 1 నుంచి నా రేటు గంటకి 550. ఇప్పుడు నడుస్తున్న పని పాత రేటుకే పూర్తి చేస్తాను." అంతే. తర్వాత ఆగండి. వాళ్లు మాట్లాడేలోపే "పోనీ 450 అయినా ఓకే" అనేస్తాం చూడండి, అక్కడే పోతుంది.

బడ్జెట్ లేదంటే రేటు కాదు, పని తగ్గించండి. "ఆ బడ్జెట్‌లో టెస్టింగ్ మీ టీమ్ చూసుకుంటే నేను డెవలప్‌మెంట్ చేస్తాను" అనొచ్చు. లేదా పేమెంట్ 60 రోజుల బదులు 15 రోజుల్లో అడగండి, అదీ పెంపు లాంటిదే. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం. అది ఉంటే 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు.

అన్నట్టు, ప్రొఫెషనల్ ఫీజు మీద 10 శాతం టీడీఎస్ కట్ అయిందని రేటు తగ్గినట్టు కాదు. అది మీ పాన్ మీద పడిందో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో చూసుకోండి. ఎక్కువ కట్ అయితే రిటర్న్ వేసినప్పుడు వెనక్కి వస్తుంది.

తమ్ముడి రెన్యువల్‌కి ఇంకా మూడు నెలలుంది. ముందు రెండో క్లయింట్‌ని పట్టు, మెసేజ్ తర్వాత రాద్దాం అన్నాను.