రాజీనామా రాయమన్నప్పుడు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు యూనియన్ వైపు చూడనిది కష్టాలు లేక కాదు. సంఘం చేయాల్సిన పని చాలాకాలం మార్కెట్టే చేసిపెట్టింది. మేనేజరుతో పడకపోయినా, హైక్ నచ్చకపోయినా పేపర్లు పెట్టేసి, నోటీస్ పీరియడ్‌లోనే ఇంకో ఆఫర్ తెచ్చుకోవచ్చు. అలా ఒక్కడే బేరమాడి గెలవగలిగినవాడికి పదిమందితో కలిసి చందా కట్టాల్సిన అవసరం కనిపించదు. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్ల లెక్క వేరు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో దారి వెతుక్కోవాలి గనుక, వాళ్లను వెనక్కి లాగేది భయం. అయితే ఈ బేరమంతా నిలబడింది కొత్త ఉద్యోగాలు దొరుకుతాయన్న ఒక్క నమ్మకం మీదే. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటామని ప్రకటించింది. అంతమంది ఒకేసారి మార్కెట్లోకి వస్తే ఒక్కడి బేరానికి విలువ ఎక్కడిది?

తొలగింపు ఎలా జరుగుతుందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. హెచ్‌ఆర్ మీటింగ్ రూముకు పిలుస్తారు. రాజీనామా పెడితే రిలీవింగ్ లెటర్ సాఫీగా వస్తుందని, లేదంటే టెర్మినేషన్ అని రికార్డుకెక్కుతుందని చెబుతారు. తరువాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ గుర్తొచ్చి అక్కడే సబ్మిట్ నొక్కేసేవాళ్లు ఎందరో. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 1953 నుంచీ చెబుతూ వచ్చిందేమిటంటే, ఏడాది నిండిన కార్మికుణ్ని తీసేయాలంటే నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ కూడా అదే అంటోంది. కానీ స్వచ్ఛందంగా రాజీనామా చేసినవాడికి అది వర్తించదు. ఆ గదిలో పక్కన ఒక ప్రతినిధి కూర్చుంటే చాలు, కథ మారుతుంది. యూనియన్ అవసరం నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

మనం కార్మికులం కాదు కదా అంటారు. 2015లో టీసీఎస్ తీసేసిన ఒక ఇంజనీరు మేనేజర్ స్థాయివాడని కంపెనీ వాదించింది. 2022లో చెన్నై లేబర్ కోర్టు ఆయన కార్మికుడేనని తేల్చి, బకాయి జీతంతో సహా తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. అందుకు ఏడేళ్లు పట్టింది. యూనియన్ వస్తే ప్రతిభ ఉన్నవాడి జీతం నలిగిపోతుందన్న భయమూ ఉంది. న్యూయార్క్ టైమ్స్ టెక్ ఉద్యోగులు మంచి జీతగాళ్లే, అయినా 2022లో 404–88 ఓట్లతో సంఘాన్ని ఎన్నుకున్నారు. 2024లో సమ్మె చేసి, సరైన కారణం లేకుండా తీసేయకూడదన్న హామీని ఒప్పందంలోకి ఎక్కించుకున్నారు. కంపెనీలు తరలిపోతాయన్న ఆందోళనను మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేం, పని ఎక్కడికైనా పంపగలిగే రంగమిది. అందుకే ఒక్క కంపెనీలో, ఒక్క నగరంలో ఉండే సంఘం చాలదు. బెంగళూరులో 2017లో రిజిస్టరైన ఐటీ ఉద్యోగుల సంఘం కేఐటీయూ, 2024లో కర్ణాటక ప్రభుత్వం ముందుకు తెచ్చిన 14 గంటల పనిదినం ప్రతిపాదనపై గళమెత్తింది. అలాంటి సంఘాలు హైదరాబాద్‌లోనూ బలపడాలి. చట్టప్రకారం ఒక సంస్థలో యూనియన్ రిజిస్ట్రేషన్‌కు పది శాతం లేదా వందమంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుంటే చాలు. ఈలోగా ఎవరైనా రాజీనామా రాయమంటే, ఆ రోజే సంతకం పెట్టకండి.