విలియమ్స్‌బర్గ్ వీధిలో నడుస్తూ

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లులు నయాగరా, న్యూయార్కు చూసి వచ్చేస్తూ ఉంటారు. వర్జీనియా రాష్ట్రంలో విలియమ్స్‌బర్గ్ అని ఒక చిన్న ఊరున్నది. వీలైతే అదీ చూడండి. అక్కడ కారు దిగి నడవాలి, కనుక మెత్తటి చెప్పులు వేసుకోండి.

1699 నుంచి 1780 దాకా వర్జీనియాకు రాజధాని ఇదే. రాజధాని రిచ్‌మండుకు తరలిపోయాక ఊరు చిన్నబోయింది. గుడ్విన్ అనే చర్చి గురువు పట్టుబట్టగా, కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బు పెట్టగా, 1926లో పాత ఊరిని మళ్ళీ నిలబెట్టే పని మొదలైంది. ఎనభైకి పైగా కట్టడాలు అసలువి. గవర్నరు భవనం, శాసనసభ మాత్రం పాత పునాదుల మీద తిరిగి కట్టి, 1934లో తెరిచినవి. అందుకే ప్రతి గుమ్మం దగ్గరా "ఇది పాతదా, మళ్ళీ కట్టిందా?" అని గైడుని అడగండి, మొహమాటం వద్దు.

పెద్ద వీధి ఇంచుమించు మైలు పొడుగు. పడమటి కొసన 1693 నాటి కాలేజీ, తూర్పు కొసన శాసనసభ. వీధిలో తిరగడానికి టిక్కెట్టు అక్కర్లేదు. ఇళ్ళలోపలికి వెళ్ళాలంటే కావాలి. ఆనాటి బట్టలు కట్టుకున్నవాళ్ళు కమ్మరం, కుట్టుపని చేసి చూపిస్తారు. పిల్లలు అక్కణ్ణించి కదలరు.

మనం మాత్రం చర్చి దాటి జార్జి విత్ గారి ఇంటికి వెళదాం. ఆయన జెఫర్సన్‌కు న్యాయశాస్త్రం నేర్పిన గురువు, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన పెద్దమనిషి. రెండంతస్తుల ఇటుక ఇల్లు. హాలు చూసి ముచ్చటపడి వెనక్కి తిరిగేయకండి, పెరట్లోకి వెళ్ళండి. అక్కడుంది వంటిల్లు. నిప్పు భయం, వేడి, వాసన ఇవేవీ యజమానులకు తగలకుండా విడిగా కట్టేవారు. మరి ఆ వేడిలో నిలబడ్డదెవరు? లిడియా బ్రాడ్‌నాక్స్ అనే నల్లజాతి స్త్రీ. ఆవిడ బానిస. 1775 ప్రాంతంలో ఊళ్ళో సగానికి పైగా నల్లవారే, వారిలో దాదాపు అందరూ బానిసలే. 1979కి ముందు ఈ సంగతి సందర్శకులకు చెప్పింది బహు తక్కువ.

విత్ గారు 1787లో ఆవిడకు విముక్తి పత్రం రాసిచ్చారు. తర్వాత రిచ్‌మండులోనూ ఆవిడే వంట చేసింది. 1806లో ఆ ఇంట్లో విషప్రయోగం జరిగింది. విత్ గారూ, ఇంట్లో ఉండే ఒక కుర్రవాడూ చనిపోయారు, లిడియా బతికింది. నేరం విత్ గారి తోబుట్టువు మనవడి మీద పడింది. ఆ ఉదయం అతను కాఫీ దగ్గరికి రావడం చూశానని ఆవిడ చెప్పినట్టు తర్వాతివాళ్ళు రాశారు. కానీ తెల్లవాడి మీద నల్లవారి సాక్ష్యం కోర్టులో చెల్లదు. హత్య కేసులో అతను నిర్దోషిగా బయటపడ్డాడు. వంటింట్లో ఏం జరిగిందో వంట చేసిన మనిషి కన్నా ఎవరికి తెలుస్తుంది చెప్పండి!

ఇప్పుడు శాసనసభకు వెళ్ళండి. 1776 మే 15న వర్జీనియా ప్రతినిధులు ఇంగ్లండు నుంచి విడిపోవాలని తీర్మానించింది ఈ స్థలంలోనే. గైడు అది తప్పకుండా చెబుతాడు. నల్లవారి సాక్ష్యాన్ని కట్టడి చేస్తూ 1732లో చట్టం చేసిందీ ఇక్కడే. అది చెప్పకపోతే మీరే అడగండి.

ఓపికుంటే తిరుగుదారిలో బ్రే బడి చూడండి. 1760 నుంచి 1774 దాకా నల్లజాతి పిల్లలకు ఆన్ వేజర్ అనే పంతులమ్మ చదువు చెప్పిన బడి అది. చదవడంతోపాటు యజమానులకు లొంగి ఉండమనీ నేర్పేవారు. కాలేజీ ఆవరణలో మరుగున పడి ఉన్న ఆ కట్టడాన్ని 2020లో గుర్తుపట్టి, 2023లో ఇల్లు ఇల్లంతా బండి మీద తీసుకొచ్చి పాత ఊళ్ళో నిలబెట్టారు.