హత్యాప్రహసనము - ఔత్సాహిక రంగస్థలము

ఒక నాటకము విలువను అది వృత్తినాటకశాలలో ఎన్ని రాత్రులు ఆడినదను లెక్కతో కొలుచుట చరిత్రకారులకు అలవాటు. ఈ కొలమానము ఎంతవరకు నిలుచునో పరీక్షించుటకు ‘సంథింగ్స్ ఎఫుట్’ అను ఆంగ్ల సంగీతప్రహసనము మంచి ఉదాహరణము. జేమ్స్ మెక్‌డొనాల్డ్, డేవిడ్ వాస్, రాబర్ట్ గెర్లాక్ అను మువ్వురు దీనిని రచించిరి. 1976 మే నెలలో న్యూయార్కు నగరమందలి లైసియం థియేటరులో ప్రారంభమై 61 ప్రదర్శనములతో ముగిసినది. మరుసటి యేడు లండనులో 232 ప్రదర్శనములు నడచినది. ఈ అంకెలు మాత్రమే చూచువారు దీనిని విఫలరచనగా త్రోసివేయుట సహజము. కాని అటుపిమ్మట ఔత్సాహిక సమాజములు దీనిని విడువలేదు. ఎందుకు విడువలేదో ఇచట విచారింతుము.

కథాకాలము 1935. ఒక సరస్సు నడుమనున్న ప్రభువుగారి భవనమునకు అతిథులు విచ్చేయుదురు. తుఫానువలన రాకపోకలు తెగిపోవును. విందుకు పిలిచిన ప్రభువే మరణించియుండును. పాత్రలు పది: వంటి నిండ గడుసుదనమున్న దాసి, బట్లరు, భవనపు కావలి చూచువాడు, కుటుంబవైద్యుడు, ఆస్తికై కాచుకొనియున్న మేనల్లుడు, విశ్రాంత సైనికాధికారి, డాంబికురాలైన దొరసాని, అమాయకయగు యువతి, దారి తప్పి వచ్చిన యువకుడు, అన్నిటను తల దూర్చు మిస్ ట్వీడ్ అను వృద్ధకన్య. వీరిలో ఒక్కొక్కరే కూలుచుందురు. హంతకుని గుట్టు మాత్రము ఇచట విప్పము. నాటకమును చదువబోవువారికి అది అన్యాయమగును.

దీని మూలము ఎవరికైనను స్ఫురించును. అగాథా క్రిస్టీ 1939లో ప్రకటించిన నవలలో ద్వీపమునందు చిక్కుకొన్న పదిమంది వరుసగా మరణింతురు. 1943లో ఆమెయే దానిని నాటకముగా మలచుచు ముగింపును మార్చినది. ఈ ప్రహసనము న్యూయార్కులో తెర యెత్తుటకు నాలుగునెలల ముందే, 1976 జనవరిలో, క్రిస్టీ మరణించినది. లండనులో ఇది ఆడిన అంబాసిడర్స్ థియేటరు 1952లో ఆమె ‘మౌస్‌ట్రాప్’ మొదలై 1974 వరకు నడచిన చోటే! గురువుగారి అరుగుమీదనే కూర్చుండి శిష్యుడు గురువును అనుకరించినట్లున్నది. అయితే ఈ అనుకరణలో ద్వేషము లేదు. మిస్ ట్వీడ్ తన పరిశోధనాశక్తికి క్రిస్టీయే కారణమని కృతజ్ఞతతో ఒక పాట పాడును.

ఇట ఒక శాస్త్రచర్చ యున్నది. హాస్యమునకు భయానకము, కరుణము విరోధులని విశ్వనాథుడు సాహిత్యదర్పణమున చెప్పినాడు. మరి శవములు పడుచుండగా ప్రేక్షకులు నవ్వుటెట్లు? సమాధానము అభినవగుప్తునియొద్ద దొరకును. శృంగారాభాసమే కాదు, కరుణాదుల ఆభాసములును హాస్యమగునని అతని మతము. ఈ నాటకమున మరణించువారు మనుష్యులు కారు, అచ్చులు. డాంబికురాలు డాంబికురాలిగానే పుట్టి డాంబికురాలిగానే చచ్చును. అందుచే శోకము నిలువదు. పైగా చంపునది కత్తి పట్టిన చేయి కాదు, ఇల్లే చంపును. మెట్లు పేలి బట్లరు పడును. పెద్ద పూలకూజా దాసిని అమాంతముగా మ్రింగును. భయము పుట్టవలసిన క్షణముననే యంత్రవైచిత్ర్యము దానిని విరిచివేయును.

ఔత్సాహికులకు ఇందలి సౌకర్యములు స్పష్టము. ఒకే సెట్టు చాలును. బృందగానమునకు వేరు జట్టు అక్కరలేదు. పదిమందిలో ఎవరును కేవలము పళ్లెము మోయువారు కారు. చిక్కులును ఉన్నవి. బట్లరు వేషధారి మొదటనే చచ్చి, చివరి నమస్కారమువరకు రంగువేసికొని కూర్చుండవలెను. బుద్ధిశాలియైన దర్శకుడు అట్టివారిని తెరవెనుక త్రాళ్లు లాగుటకు వినియోగించును. చచ్చినవారే తక్కినవారిని చంపుచుందురు!

అసలు పరీక్ష కూజా దగ్గరనే. నటి కాళ్లు ఆడించుట, లోపలివాడు పట్టుకొనుట, దీపము తగ్గుట, పియానో స్వరము, ఈ నాలుగును ఒక్క క్షణమున కుదురవలెను. అర క్షణము జారినను ప్రేక్షకుడు కథను చూచి నవ్వుట మాని సమాజమును చూచి నవ్వును. ఈ రెండు నవ్వులకును గల భేదమే ఔత్సాహికుని గౌరవము. కనుకనే పాటలు కుదిరిన పిదప యంత్రములకు ప్రత్యేకముగా రిహార్సలులు కేటాయింపవలెను. నటుడు ‘ఇది హాస్యము సుమా’ అని ప్రేక్షకునకు కన్ను గీటినచో సర్వము చెడును. తాను నిజముగా భయపడుచున్నట్లే నటింపవలెను. ఆరితేరిన వృత్తినటునకంటె ఔత్సాహికుని అమాయకపు పట్టుదల ఇచట ఎక్కువ పనిచేయునని మా అభిప్రాయము.

మనకును ఈ ప్రశ్న దూరము కాదు. 1886లో బళ్లారిలో ధర్మవరము కృష్ణమాచార్యులవారు స్థాపించిన సరసవినోదినీ సభ ఔత్సాహికుల సమాజమే. టిక్కెట్ల లెక్కతోనే తెలుగు నాటకచరిత్ర వ్రాసినచో అట్టి సభల స్థానమెక్కడ? ఆంగ్లదేశములందు ఔత్సాహికులు ప్రతి ప్రదర్శనమునకు హక్కుదారులకు రుసుము చెల్లింతురు గనుక ఎక్కడ, ఎన్నడు ఆడినదియు చిట్టాలకెక్కును. మన సమాజములు విడిచినవి కరపత్రములు, ప్రాంప్టరు ప్రతులు మాత్రమే. ఆ ప్రతుల అంచులలో పెన్సిలుతో వ్రాసిన గుర్తులు, ఎచట పద్యము తగ్గించిరి, ఎచట ‘వన్స్‌మోర్’ పడినది అనునవి, పరిశోధక విద్యార్థులు ఇండ్లకు పోయి అడిగినచో ఇప్పటికిని కొన్ని దొరకును.