చలికాలం, జలుబు, జామపండు

విద్యార్థులారా! కోల్‌కతా పటం తీసి, హుగ్లీ నది ఒడ్డున ఖిదిర్‌పూర్ ఓడరేవు ఎక్కడుందో చూడండి. దాన్ని ఆనుకొని వాట్‌గంజ్ అనే పేట కనిపిస్తుంది. ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు కర్నల్ హెన్రీ వాట్సన్ 18వ శతాబ్దం చివరి భాగంలో ఈ ప్రాంతంలో ఓడల నిర్మాణం ప్రారంభించాడు. ఆయన పేరే ఈ పేటకు వచ్చింది. చలికాలపు ఆరోగ్యం గురించి చెబుతానని రేవుకు తీసుకొచ్చాడేమిటి అనుకుంటున్నారా? పండుకీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని పరీక్ష పెట్టి తేల్చింది ఓడ మీదే మరి.

ఆ రోజుల్లో నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకు చిగుళ్లు వాచి రక్తం కారేది. మానిన గాయాలు మళ్లీ తెరుచుకునేవి. చివరికి ప్రాణమే పోయేది. ఆ వ్యాధి పేరు స్కర్వీ. 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు సాల్స్‌బరీ అనే ఓడలో 12 మంది రోగులను ఇద్దరేసి చొప్పున విడదీసి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క మందు ఇచ్చి చూశాడు. ఒక జతకు వెనిగర్, ఒక జతకు సముద్రపు నీరు, ఇలాగ. నారింజలు, నిమ్మపండ్లు తిన్న ఇద్దరూ వారం తిరక్కముందే తేరుకున్నారు. ఇంత స్పష్టంగా తేలినా, నావికులకు నిమ్మరసం క్రమం తప్పకుండా ఇవ్వాలని నౌకాదళం నిర్ణయించింది 1795లో! ప్రయోగశాల నుంచి కార్యాలయం దాకా దారి ఎప్పుడూ దూరమే.

ఆ పండ్లలో ఉన్న పదార్థాన్నే మనం విటమిన్ సి అంటున్నాం. ఆవు, మేక, కుక్క దీన్ని తమ శరీరంలోనే తయారు చేసుకుంటాయి. మనకు ఆ శక్తి లేదు. గినీ పందికీ లేదు. కాబట్టి మనం దీన్ని ఆహారం నుంచే తెచ్చుకోవాలి, అదీ రోజూ.

ఇప్పుడు డిసెంబరులో కోల్‌కతా బజారులోకి రండి. డార్జిలింగ్ కొండల కమలాపండ్లు, బారుయిపూర్ జామకాయలు, ఉసిరికాయలు, మరి కొద్ది రోజులకు రేగిపండ్లు. వీటిలో ఏది గొప్పది? చాలామంది కమలాపండు అంటారు. 100 గ్రాముల కమలాపండులో విటమిన్ సి సుమారు 40 మిల్లీగ్రాములు. అంతే బరువున్న జామపండులో 200 మిల్లీగ్రాములకు పైమాటే! ఉసిరికాయలో 600 అని పాత పుస్తకాల్లో కనిపిస్తుంది కానీ, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల్లో అది సుమారు 250. భారత వైద్య పరిశోధన మండలి 2020లో చేసిన సిఫారసు ప్రకారం రోజుకు పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు కావాలి. లెక్క మీరే వేయండి. ఒక మోస్తరు జామపండుతో ఆ రోజు సంగతి తీరిపోతుంది. పైగా పప్పులోనూ ఆకుకూరలోనూ ఉండే ఇనుమును శరీరం గ్రహించడానికి విటమిన్ సి తోడ్పడుతుంది. రక్తహీనత ఉన్న ఆడపిల్లలు భోజనంతో పాటు జామముక్కలు తింటే రెండు విధాలా లాభం.

రేగిపండు విషయంలో ఒక తమాషా ఉంది. మనం భోగినాడు పిల్లల తల మీద పోసే ఈ పండును బెంగాలీ విద్యార్థులు మాఘ మాసంలో సరస్వతీ పూజ అయ్యేదాకా ముట్టుకోరు. ముందే తింటే పరీక్ష తప్పుతామని భయం! ఆ భయం సంగతి ఎలా ఉన్నా, పండు బాగా పక్వానికి వచ్చేది మాత్రం ఆ రోజుల్లోనే.

ఇంకొక చలికాలపు రుచి విషయంలో భయం ఉండి తీరాలి. ఈతచెట్టు కాండం చెక్కి, రాత్రంతా కుండలోకి కారిన తీపి రసాన్ని తెల్లవారుజామున పచ్చిగా తాగడం బెంగాల్ పల్లెల్లో అలవాటు. రాత్రిపూట పండ్లు తినే గబ్బిలాలు ఆ గాటు దగ్గర వాలి రసం నాకుతాయి. వాటి లాలాజలం ద్వారా నిపా వైరస్ రసంలో చేరవచ్చు. బంగ్లాదేశ్‌లో పరిశోధకులు ఈ సంబంధాన్ని గుర్తించారు. పశ్చిమ బెంగాల్‌లోనూ నిపా 2001లో సిలిగురిలో, 2007లో నదియా జిల్లాలో వచ్చి ప్రాణాలు తీసింది. కాబట్టి పచ్చి రసం వద్దు. దాన్ని మరిగించి చేసిన కొత్త బెల్లం నిశ్చింతగా తినండి. గబ్బిలమో పక్షో కొరికిన పండును మాత్రం, ఆ ముక్క కోసేసి మిగతాది తిందామనుకోకుండా పారేయండి.

సరే, రోజూ జామపండు తింటే జలుబు రాదా? నిజం చెప్పాలి. వస్తుంది. విటమిన్ సి మీద జరిగిన అనేక పరీక్షలను కలిపి చూసినప్పుడు తేలింది ఇది: రోజూ తీసుకుంటున్న వారికీ జలుబు వస్తుంది. కాకపోతే పెద్దల్లో సుమారు 8 శాతం, పిల్లల్లో సుమారు 14 శాతం త్వరగా తగ్గుతుంది. జలుబు పట్టాక మొదలుపెడితే ఆ లాభమూ నిలకడగా కనిపించలేదు. ఇక, జామపండు తింటే జలుబు చేస్తుందని ఇంట్లో పెద్దలు అంటారు చూడండి, అదీ సరికాదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, పండు చలువ వల్ల కాదు.

మరి చలికాలానికి ఈ చెడ్డపేరు ఎందుకు? గాలి పొడిబారుతుంది. ముక్కులోని తేమపొర ఆరి, వైరస్‌ను అడ్డుకునే శక్తి తగ్గుతుంది. చల్లని పొడిగాలిలో ఫ్లూ సులభంగా వ్యాపిస్తుందని 2007లో అమెరికాలో ప్రయోగం చేసి చూపారు, మళ్లీ మన గినీ పందుల మీదే! తలుపులు మూసుకొని ఒకే గదిలో నలుగురూ పడుకుంటాం. రేవు పక్కన ఇరుకు సందుల్లో ఇంకొక చిక్కు కూడా ఉంది. చలి రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లబడి, పైన ఉన్న వెచ్చని గాలి మూతలా కప్పేస్తుంది. లారీల పొగ, పొయ్యిల పొగ పైకి పోలేక మన ముక్కు ఎత్తులోనే నిలిచిపోతాయి. కోల్‌కతా వారి మంకీ క్యాప్ చెవులను కాపాడుతుందేమో కానీ ఊపిరితిత్తులను కాపాడలేదు. పొయ్యి ఉన్న గదికి కిటికీ తెరిచి ఉంచండి, చలి వేసినా సరే.

మామూలు జలుబుకు విశ్రాంతి, వేడి ద్రవాలు చాలు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు, దుకాణంలో అడిగి కొనుక్కోకండి. అయితే ఇంట్లో పసిపిల్లలుంటే మీరు ఒక పని నేర్చుకోవాలి. 2023 తొలి నెలల్లో కోల్‌కతా పిల్లల ఆసుపత్రులు అడినోవైరస్ సోకిన పసివారితో నిండిపోయాయి, కొందరు దక్కలేదు. జలుబు ఎప్పుడు న్యుమోనియాగా మారుతోందో గుర్తించడానికి స్టెతస్కోపు అక్కర్లేదు, సెకన్ల ముల్లున్న గడియారం చాలు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పూర్తిగా ఒక నిమిషం పాటు శ్వాసలు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఆపైన అయిదేళ్ల వరకు 40. అంతకు చేరినా మించినా అది ఉరుకు శ్వాస, అదే రోజు డాక్టరుకు చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, మత్తుగా పడి ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. న్యుమోనియాకు ముఖ్య కారణమైన న్యుమోకోకస్ బాక్టీరియాకు టీకా 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితంగా ఇస్తున్నారు. మీ తమ్ముడి టీకా కార్డు తీసి, అది వేయించారో లేదో చూడండి.

తాతగారికీ నానమ్మగారికీ మాత్రం జ్వరం లేకుండానే న్యుమోనియా రావచ్చు. హఠాత్తుగా తికమకగా మాట్లాడటం, తిండి మానేయడం దానికి గుర్తులు. ఇక ఎవరికైనా సరే, రెండు వారాలు దాటిన దగ్గును చలికాలం మీదకు నెట్టకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితం.