అక్షర క్రమం: నిఘంటువు నుండి కంప్యూటరు దాకా

అక్షరాలకు ఒక వరుస ఉండాలని అందరూ అంగీకరిస్తారు. అయితే ఆ వరుస ఏది అన్న విషయంలో అరబ్బీ పండితులే ఒకే బాట పట్టలేదు. హిజ్రీ రెండవ శతాబ్దంలో ఖలీల్ బిన్ అహ్మద్ తన నిఘంటువును గొంతు లోతునుండి పలికే ‘ఐన్’ అక్షరంతో ఆరంభించాడు. అందుకే దానికి ‘కితాబుల్ ఐన్’ అని పేరు వచ్చింది. అనంతరం జౌహరీ ‘సిహాహ్’లోనూ, ఇబ్నె మన్జూర్ ‘లిసానుల్ అరబ్’లోనూ ధాతువు చివరి అక్షరాన్ని ఆధారం చేసుకున్నారు. అనగా పదాన్ని వెదకేవాడు ముందు ఆ గ్రంథపు నియమాన్ని తెలుసుకోవాలి.

నేడు గ్రంథాలయాల పట్టికలు కంప్యూటరు డేటాబేసులలోకి చేరాయి. కంప్యూటరుకు ప్రతి అక్షరమూ ఒక సంఖ్యే. 1991లో తొలిసారి వెలువడిన యూనికోడ్ ఈ సంఖ్యలను నిర్ణయించింది. వేరే నియమం చెప్పనిచో కొన్ని డేటాబేసులు ఆ సంఖ్యల ప్రకారమే పదాలను పేరుస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉంది.

వరంగల్ ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకుందాం. 1948 వరకు ఇక్కడ ఉర్దూ రాజభాష. 1904లోనే హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం తెలుగు పుస్తకాల కోసం వెలసింది. రెండు భాషల గ్రంథాలూ గల ఇటువంటి చోట పట్టిక సరిగా ఉండటం ముఖ్యం. పాఖాల్, వరంగల్, హనుమకొండ అన్న పేర్లను ఉర్దూలో వ్రాస్తే సరియైన వరుస ఇదే, ఎందుకంటే ‘పే’ అక్షరం ‘బే’ వెంటనే వస్తుంది. కాని యూనికోడ్‌లో అరబ్బీ అక్షరాలు ముందు, ‘పే’, ‘చే’, ‘గాఫ్’ వంటివి ఆ తరువాత ఉన్నాయి. అందువల్ల సంఖ్యల వరుసలో వరంగల్ ముందుకు వచ్చి, పాఖాల్ దాని వెనుకకు పోతుంది.

తెలుగులోనూ ఇటువంటి భేదం ఉంది. బడిలో నేర్పే వర్ణమాలలో ‘ళ’ అక్షరం ‘హ’ తరువాత వస్తుంది. యూనికోడ్‌లో ‘ల’ పక్కనే ఉంటుంది. వర్ణమాల ప్రకారం కల, కవి, కళ. సంఖ్యల ప్రకారం కల, కళ, కవి.

ఇంతకంటె నష్టం కలిగించేది మరొకటి. అరబ్బీ ‘కాఫ్’కు ఒక సంఖ్య, ఉర్దూ ‘కాఫ్’కు మరొక సంఖ్య. పదం మొదట, నడుమ రెండూ కంటికి ఒకే విధంగా కనిపిస్తాయి. అరబ్బీ కీబోర్డుపై ఎక్కించిన ‘కితాబ్’ను ఉర్దూ కీబోర్డుతో వెదకితే ఫలితం శూన్యం కావచ్చు. పుస్తకం బీరువాలోనే ఉంటుంది, పాఠకుడు మాత్రం లేదనుకొని వెళ్ళిపోతాడు.

దీనికి పరిష్కారం లేకపోలేదు. డేటాబేసులో ‘కొలేషన్’ అనే వరుస నియమాన్ని ఆయా భాషలకు తగినట్లు ఎంచుకోవచ్చు. ‘కాఫ్’ వంటి జంట రూపాలను ఎక్కించేటప్పుడు, వెదికేటప్పుడు కూడా ఒకే రూపంలోకి మార్చుకోవాలి. పట్టిక కూర్చేవారు తాము పాటించిన నియమాన్ని మొదటి పుటలోనే తెలియజేయాలి. పూర్వ నిఘంటుకారుల నుండి నేర్వవలసిన పాఠం ఇదే.