సగంలో ఆగిన బీరు

జర్మనీ చలికాలంలో ఇడ్లీపిండి పొంగక చిన్నబుచ్చుకోని తెలుగు ఇల్లు అరుదు. లోపం పప్పులో ఉన్నదా, చలిలో ఉన్నదా అని ఆలోచించక తప్పదు. ఇక్కడి మిత్రులను చూసి ఇంట్లో బీరు కాచే సరదాలో పడిన మనవారికీ ఇటువంటి ప్రశ్నే ఎదురవుతుంది. డబ్బాలో దొరికే మాల్టు పాకంతో కాక, మాల్టు గింజలతోనే తొలిసారి మొదలుపెట్టినవారికి ఇది మరీ సహజం.

ఒక ఉదాహరణ చూద్దాం. హాప్స్ వేసి మరిగించి చల్లార్చిన రసం సాంద్రత 12 ప్లాటో డిగ్రీలు ఉన్నది. అనగా 100 గ్రాముల రసంలో 12 గ్రాముల కరిగిన పదార్థం ఉన్నదన్నమాట. ఈస్టు చక్కెరను తినగా హైడ్రోమీటరు 3 డిగ్రీల దరిదాపులకు దిగవలెను. కాని పదిరోజులైనా 5 వద్దనే నిలిచిపోయింది. నురుగు లేదు, బుడగలు లేవు. ఇక సీసాలలో నింపవచ్చునా?

తొందర ప్రమాదకరం. ఒక గ్రాము చక్కెర పులిస్తే సుమారు అర గ్రాము కార్బన్ డయాక్సైడు పుడుతుంది. బీరులో సాధారణంగా లీటరుకు 5 గ్రాముల వాయువు ఉంటుంది. మిగిలిన రెండు డిగ్రీలు మూతవేసిన సీసాలో పులిస్తే మరో 8 గ్రాములు చేరుతుంది. ఆ ఒత్తిడికి సీసా పేలి గాజుముక్కలు ఎగరవచ్చును.

ఇలా ఆగడానికి ముఖ్యంగా రెండు కారణాలు ఉంటాయి. మొదటిది గింజలను నానబెట్టిన నీటి వేడి. మొలకెత్తిన రాగుల పిండితో కాచిన జావ పలుచగా ఉండడం మనకు తెలిసినదే. మొలకలోని ఎంజైములు పిండిపదార్థాన్ని ముక్కలు చేయడమే అందుకు కారణం. బార్లీలోనూ అంతే. 62–65 డిగ్రీల సెల్సియస్ వద్ద బీటా అమైలేజు ఈస్టు తినగల మాల్టోజును విరివిగా తయారుచేస్తుంది. 70 దాటితే అది త్వరగా నశిస్తుంది. అప్పుడు ఆల్ఫా అమైలేజు ఒక్కటే మిగిలి, ఈస్టుకు కొరుకుడుపడని డెక్‌స్ట్రిన్లను ఎక్కువగా మిగులుస్తుంది. అయోడిను చుక్క నీలంగా మారకపోతే పిండిపదార్థం కరిగిందని మాత్రమే తెలుస్తుంది. అది ఏ చక్కెరగా మారినదో తెలియదు.

రెండవ కారణం ఈస్టు నిద్ర. 18–22 డిగ్రీలు కోరే ఈస్టును 12 డిగ్రీల నేలమాళిగలో ఉంచితే అది పని మాని అడుగున పేరుకొంటుంది.

ఈ రెంటిలో ఏది నిజమో తేల్చే సులభ పరీక్షను జర్మన్ బ్రూవరీలలో కూడా చేస్తారు. ఒక గ్లాసు బీరు తీసి, తాజా ఈస్టు ధారాళంగా కలిపి, మూత బిగించకుండా 25 డిగ్రీల వెచ్చదనంలో రెండుమూడు రోజులు అప్పుడప్పుడు కదుపుతూ ఉంచాలి. తరువాత బుడగలు పోయేలా గిలకొట్టి, 20 డిగ్రీల వద్ద కొలవాలి. సాంద్రత 3కు దిగితే ఈస్టు నిద్రించినట్లే. పాత్రను వెచ్చని గదిలోకి మార్చి, గాలి చొరబడకుండా మెల్లగా కదిపితే చాలును. 5 వద్దనే ఉంటే ఇక పులిసేది లేదు. బీరు కాస్త చిక్కగా ఉన్నా, వాయువుకు కావలసినంత చక్కెరను తూచి వేసి నింపవచ్చును.

ఆ పక్షంలో తదుపరి ప్రయత్నానికి ముందు థర్మామీటరును పరీక్షించాలి. కరుగుతున్న మంచులో అది సున్నా చూపవలెను. మరిగే నీటిలో 100 చూపవలెను. అయితే సుమారు 520 మీటర్ల ఎత్తున ఉన్న మ్యూనిక్‌లో 98 దాటితే చాలును.

1516 నాటి బవేరియా శాసనం బీరుకు బార్లీ, హాప్స్, నీరు మాత్రమే పేర్కొన్నది, ఈస్టు పేరెత్తలేదు. ఆ కనబడని పనివాడు ఆగినప్పుడు అదృష్టాన్ని నిందించనక్కరలేదు. ఆకలి లేక ఆగాడో, ఆహారం లేక ఆగాడో ఒక గ్లాసు బీరే చెబుతుంది.