సినడ్

ప్రొటెస్టెంట్ చర్చి అయిన దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) గొడవలు కోర్టుకెక్కినప్పుడల్లా వినిపించే మాట ఇది. 1947లో ఏర్పడిన ఈ సంఘానికి సినడే అత్యున్నత పాలక సభ. బిషప్పులతో పాటు, ఒక్కో బిషప్ పరిధిలోని పాలనా ప్రాంతాలైన డయాసిస్‌లు పంపే పాస్టర్లు, సామాన్య విశ్వాసులూ అందులో ఉంటారు. దాని అధిపతి మోడరేటర్. కార్యాలయం చెన్నైలో ఉన్నా, తీర్మానాల సెగ మెదక్, డోర్నకల్ దాకా తగులుతుంది.

బిషప్ ఎంపికే చూడండి. డయాసిస్ కౌన్సిల్ ఓట్లేసి కొన్ని పేర్లు పంపుతుంది. అందులో ఒకరిని ఖరారు చేసేది సినడ్ స్థాయి కమిటీ. అంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారికే పదవి దక్కాలని లేదు. వివాదాలకు విత్తనం చాలాసార్లు ఇక్కడే పడుతుంది. పీఠం ఖాళీ అయితే మోడరేటర్ తన ప్రతినిధిని పంపి పాలన నడిపిస్తారు. ఆస్తులు కూడా చాలావరకు డయాసిస్ పేరిట కాక, సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరిటే ఉంటాయి.

ఈ పెత్తనంతో మేలూ జరిగింది. స్త్రీలకు గురుత్వాభిషేకం ఇవ్వాలని సంఘమంతటికీ నిర్ణయం జరగబట్టే, 2013లో నంద్యాల డయాసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత సీఎస్ఐ తొలి మహిళా బిషప్ అయ్యారు. చిత్రమేమంటే, 1947లో బయటే ఉండిపోయిన ఆ నంద్యాల సీఎస్ఐలో చేరిందే 1975లో.